మా ఆర్గన్‌లో లేని స్వరం ఆర్యపల్లిలో దొరికిన వైనం

గంజాం జిల్లాకు ఎవరైనా సముద్రం చూడడానికి వెళతారు, లేదా పట్టుచీరలు కొనడానికి వెళతారు. నేను వేలెడంత ఇత్తడి ముక్క కోసం వెళ్లాను. నన్ను పంపింది దేవుడే అని ఇప్పటికీ నమ్ముతున్నాను. కాకపోతే ఎందుకు పంపాడో తిరిగొచ్చాక తెలిసింది.

నిడదవోలు దగ్గర మా సంఘానికి కాళ్లతో తొక్కే ఆర్గన్ ఒకటుంది. అమెరికాలో తయారైంది. వెనక చెక్క మీద ఆ దేశపు ఊరి పేరు కాల్చి రాసి ఉంటుంది. ముప్పయ్యేళ్లుగా దాన్ని వాయిస్తున్నది నేనే. లోపల ఒక్కో మీటకి ఒక్కో రీడు ఉంటుంది. రీడంటే సన్నని నాలుక బిగించిన ఇత్తడి పట్టీ. గాలి తగిలితే ఆ నాలుక అదిరి స్వరం పలుకుతుంది. స్వరాలకి ఇంగ్లీషు అక్షరాలే పేర్లు; మధ్యలో ఉండే ఎఫ్ రీడు నాలుక పందొమ్మిదేళ్ల కిందట విరిగింది. అప్పటి నుంచి ఆ మీట నొక్కితే ఉఫ్ మని గాలి వస్తుంది, అంతే. మిగతా స్వరాలతో నెట్టుకొస్తున్నాం.

ఈ మధ్య మా కోశాధికారి ఆనందరావు గారికి ఎలక్ట్రానిక్ కీబోర్డు మీదికి మనసు పోయింది. అందులో రెండు వందల రకాల డప్పులు ఉన్నాయట. పాత ఆర్గన్‌ని కలప కింద అమ్మేద్దామన్నారు. నేను కమిటీలో ఏడ్చాను. చివరికి పాస్టరు గారు తీర్పు చెప్పారు. "వచ్చే ఆదివారం ఆరాధనలో ఆర్గన్ అన్ని స్వరాలూ పలికితే ఉంచుదాం. పలకకపోతే సోమవారం కలప వ్యాపారి వస్తాడు."

మా పాత రిజిస్టరులో ఒక మాట ఉంది. ఒకే ఓడలో ఒకే రకం ఆర్గన్లు రెండు వచ్చాయని, ఒకటి మాకు, రెండోది బరంపురానికి చేరిందని. బరంపురంలో ఆ ప్రార్థన మందిరానికి ఫోన్ చేస్తే, దాన్ని ఎప్పుడో తీసేశామని, ఆ ఊరి చివర అంకులిలో ఉండే అప్పలస్వామి అనే రిటైరైన రైల్వే ఫిట్టరు పట్టుకుపోయాడని చెప్పారు. మూడు రోజులు ఉపవాసం ఉండి, బుధవారం రైలెక్కాను. అందువల్ల బరంపురంలో తిన్నవన్నీ నాకు కాస్త ఎక్కువ రుచించి ఉండవచ్చు. చదివేవారు ఆ మేరకు తగ్గించుకోవాలి.

అంకులి: అప్పడాల ఆర్గన్

గురువారం ఉదయం బరంపురం స్టేషను బయట ఆకు దొన్నెలో ఉప్మా పెట్టి, దాని మీద బఠాణీల కూర పోశారు. ముప్పై రూపాయలు. మా వైపు ఉప్మా మీద కూర పోస్తే వంటవాడికి ఒంట్లో బాగాలేదేమో అనుకుంటాం. ఇక్కడ పొయ్యకపోతే దెబ్బలాడతారు. నేను కళ్లు మూసుకుని కృతజ్ఞతా ప్రార్థన చేసుకుని కళ్లు తెరిచేసరికి, కొట్టువాడు నాకు కారం మండిందనుకుని ఉచితంగా ఇంకో గరిటె ఉప్మా వేశాడు. ఆ తర్వాత ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ప్రార్థన కాస్త పొడిగించే చేశాను.

అంకులిలో అప్పలస్వామి గారి ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. అక్టోబరు నెలాఖరు వాన పడుతోంది. ఆ ఇంట్లోంచి మాత్రం ఎవరో పెద్ద ప్రాణి నిద్రపోతున్నట్టు బుస్సు బుస్సుమని శబ్దం వస్తోంది. ఆ శబ్దం నాకు తెలుసు. ముప్పయ్యేళ్లుగా నా కాళ్ల కింద వింటున్నదే.

వరండాలో ఒకావిడ కుర్చీలో కూర్చుని ఆర్గన్ పెడళ్లు తొక్కుతోంది. ఎదురుగా మీటలు లేవు, అద్దం లేదు, పైచెక్క లేదు. రీడ్లు ఉండాల్సిన చిల్లుల పలక మీద గుడ్డ పరిచి, దాని మీద అప్పడాలు ఆరబెట్టి ఉన్నాయి.

"రా వదినా, కూకో. వానాకాలం అప్పడం ఆరదు గదా. ఈయన ఇది సేసిచ్చినారు," అందావిడ కాళ్లు ఆపకుండా. ఆవిడ పైడితల్లి గారు, అప్పలస్వామి గారి భార్య. నేనెవరో ఇంకా అడగలేదు.

సంగతి ఇది. అమెరికా ఆర్గన్ గాలిని బయటికి ఊదదు, లోపలికి పీలుస్తుంది. ఆ చిల్లుల్లోంచి గాలి లోపలికి పోతూ అప్పడాల్లో తడిని లాక్కుపోతోంది. దేవుని స్తుతి కోసం ఏడు సముద్రాలు దాటి వచ్చిన వాద్యం మినప్పిండి ఆరబెడుతోంది. నాకు కోపం రావలసింది. కానీ పైడితల్లి గారు తొక్కే తీరులో ఎక్కడా తడబాటు లేదు. మా సంఘంలో నా తర్వాత అంత నిలకడగా తొక్కేవారు ఒక్కరూ లేరు.

అప్పలస్వామి గారు లోపలి నుంచి వచ్చి నా చేతిలోని విరిగిన రీడుని చూశారు. దాని మీద ఎఫ్ అక్షరం చెక్కి ఉంది. ఆయన అప్పడాల గుడ్డ ఒక పక్కకి లాగి, నా రీడుని ఆ పలకలో ఒక గాడిలోకి తోశారు. టక్కుమని కూర్చుంది. వెంట్రుక సందు కూడా లేదు.

"సూసినారా పంతులమ్మా! మీదెక్కడ, మాదెక్కడ! అమెరికావోడి కిటుకే అది. ముందు తుపాకులకి సేసినాడు, ఆ తరవాత గడియారాలకి, కుట్టు మిసన్లకి. ఈ మిసను మర తీసి ఆ మిసన్లో ఎడితే పట్టాల. పల్లెటూరోడు పొస్తకంలో బొమ్మ సూసి ఉత్తరం రాసీవోడట. ఆర్గను రైలెక్కి ఇంటికి ఒచ్చీదట. అలాగే గదా ఆ దేశం అంతదైనాది!"

"ఆ దేశం ఎదిగింది ప్రార్థన వల్ల," అన్నాను.

"పార్ధన మనం సెయ్యట్లేదేటి? ఈదికో గుడుంది మాకు. మరి మన మర ఇంకో మరకి పడతాదా? నాను ముప్పయ్యేళ్లు రైల్లో ఆకురాయి అరగదీసినాను, పట్టక."

నాకు జవాబు దొరకలేదు. దొరికినా చెప్పడానికి లేకపోయింది. ఎందుకంటే పైడితల్లి గారు తొక్కడం ఆపలేదు, గాడిలోని నా విరిగిన రీడు ఉఫ్ ఉఫ్ అని ఇంట్లో మాదిరిగానే మూలుగుతోంది. పరాయి ఊళ్లో అది వినగానే కళ్లనీళ్లు తిరిగాయి. సంఘమనే శరీరంలో ఏ అవయవం పని దానిదే, కన్ను చేతిని నువ్వక్కర్లేదు అనలేదు అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాను, సండే స్కూల్లో నేర్పాను. ఒకరి కన్ను తీసి ఇంకొకరికి పెట్టినట్టు ఈ రీడు ఇలా కూర్చోవడమేమిటి? ఆ రాత్రి దాకా ఆలోచించాను.

"మరి ఈ పలకలోని మంచి రీడ్లు ఏవీ?" అని అడిగాను.

"అయ్యి మా బావమరిదికి ఇచ్చీసినాను. కల్లికోటలో సెలూను."

"మంగలి కొట్టులో రీడ్లు ఎందుకండీ?"

"ఎందుకో వాడికీ తెల్దు. ఊరికే ఇస్తే ఎవుడొద్దంటాడు?" అన్నారు పైడితల్లి గారు. "పెల్లి కూడా అలాగే ఒప్పుకున్నాడు."

వాళ్ల ఇంట్లోనే ఆ పూట భోజనం. చల్లదనం కోసం నానబెట్టిన చద్దన్నం, నలిపిన వడియాలు, ఎండబెట్టిన మామిడి ముక్కల పులుపు. అప్పడం కూడా వేయించారు. ఆర్గన్ గాలికి ఆరిన అప్పడం అంతకు ముందు నేనెరగను. చాలా తేలిగ్గా ఉంది.

ఖల్లికోట: గడ్డం గీసే బల్ల

శుక్రవారం అప్పలస్వామి గారే నా వెంట వచ్చారు. "మీరు ఒక్కలూ ఎల్తే మా బావమరిది సన్యాసి మీకు కటింగు సేసీగల్డు," అన్నారు. రైల్లో కిటికీ పక్క కూర్చోబెట్టి, చిలికా నీళ్లు కనబడే వైపు చూపించి, ఆ పక్కనే ఉన్న ఎండు రొయ్యల గంపని నా ఒళ్లోకి జరిపారు. ఆ గంప ఎవరిదో ఖల్లికోటలో దిగేదాకా తేలలేదు. దిగాక గంప యజమానురాలు నా చీరని చూసి జాలిపడి గుప్పెడు రొయ్యలు ఇచ్చింది.

సన్యాసి సెలూనులో ఆడవాళ్లు అడుగు పెట్టిన గుర్తు లేదు. నేను లోపలికి వెళ్లగానే కుర్చీలో సగం గడ్డంతో ఉన్న మనిషి తువ్వాలు మొహాన కప్పుకున్నాడు. ఎదురుగా గోడకి మా ఆర్గన్ తోబుట్టువు పై సగం నిలబడి ఉంది. చెక్కుడు పనితనం, దీపపు గూళ్లు, పైన అద్దం, కింద మీటల వరస. అద్దం గడ్డానికి. గూళ్లలో సబ్బు, పౌడరు. స్వరాలు మార్చడానికి లాగే పింగాణీ గుండీలు సొరుగుల పిడులయ్యాయి. మనిషి గొంతులా పలికించే గుండీ ఒకటుంటుంది ఆర్గన్‌కి. సన్యాసి దాన్ని కత్తుల సొరుక్కి బిగించాడు.

"మీటలు ఎందుకు ఉంచావు నాయనా? పలకవు గదా," అన్నాను.

"పలకక్కర్లేదమ్మా. గెడ్డం గీసినప్పుడు మనిసికి సేతులు ఊరుకోవు. బుర్ర కదిపీసినాడంటే తెగిపోతాది. మీటలు నొక్కుకోమంటాను. సేతులు ఆడతాయి, బుర్ర ఆగిపోతాది. నలపై రూపాయలు గెడ్డానికి. పక్కోడు ముప్పయ్యే, గానీ ఆడికాడ మీటల్లేవు."

తువ్వాలు కింద నుంచి ఆ సగం గడ్డం మనిషి చేతులు చాపి మీటలు నొక్కడం మొదలుపెట్టాడు. చప్పుడు లేదు. ఆ వేళ్ల కదలికలో ఒక కీర్తన రెండో చరణం ఉందని నాకనిపించింది. అప్పలస్వామి గారు నమ్మలేదు.

రీడ్ల సంగతి అడిగితే సన్యాసి కత్తుల సొరుగు తీశాడు. ఏడు రీడ్లు, దువ్వెన మురికి తీయడానికి వాడినవి. ఒక్కొక్కటీ కళ్లద్దాల దగ్గర పెట్టుకుని చూశాను. సి, డి, ఎ, మళ్లీ సి, జి, బి, ఇ. ఎఫ్ లేదు. ఏడూ వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాను. ఆదివారానికి ఒక్క రోజే అడ్డం ఉంది.

"మిగతాయి?"

"ఆర్యపల్లి బోటోళ్లు అట్టుకుపోనారు. పెల్లికి కటింగుకొచ్చి, ఒకుడు సరదాగా నోట్లో ఎట్టుకుని పీల్చినాడు. కుయ్యిమన్నాది. అందురూ తలొకటి అట్టుకుపోనారు."

"నువ్వు ఊరికే ఇచ్చీసినావా?" అన్నారు అప్పలస్వామి గారు కోపంగా.

"నాకేటి నువ్వు అమ్మినావేటి, బావా?"

ఆర్యపల్లి: పీల్చే బూర

శనివారం పొద్దున్నే ఛత్రపురం మీదుగా ఆర్యపల్లి చేరాం. ఇసుక మీద వలలు, ఎండబెట్టిన చేపలు, వాటి మీద కప్పిన ఇంకో వల. ఇక్కడి గంగపుత్రుల్లో చాలామంది తెలుగువారే. నాతో తెలుగులో మాట్లాడుతూ, చేపలు కొనడానికి వచ్చినవాడితో అదే ఊపిరిలో ఒడియాలో తగాదా పడగలరు.

అప్పలస్వామి గారు ఒకరిద్దరిని అడిగేలోపే నేను బోటుని చూశాను. నీలం రంగు బోటు ముందు భాగాన తెల్ల రంగుతో పెద్ద అక్షరం, ఎఫ్. పక్కనున్న బోటు మీద జి. అటు పక్కన డి. రీడు మీద చెక్కిన అక్షరమే ఆ బోటు పేరనుకుని అందరూ రాయించుకున్నారు.

ఆ నీలం బోటు బంగారమ్మ వాళ్లది. ఆమె మెడలో తాడుకి వేలాడుతోంది, ప్లాస్టిక్ పైపు ముక్కలో బిగించిన రీడు. వేకువన మంచు పట్టినప్పుడు సముద్రం మీద బోటు కనబడదట. మగవాళ్లు ఈ బూర పలికిస్తారు. ఒక్కో బోటుది ఒక్కో స్వరం. ఒడ్డున ఆడవాళ్లు విని, తమ బోటు వస్తుంటేనే గంప పట్టుకుని నీళ్లలోకి దిగుతారు.

నేను పైపు నోట్లో పెట్టుకుని ఊదాను. ఏమీ రాలేదు.

"ఊదుతావేటమ్మా? పీల్చు!" అంది బంగారమ్మ. "ఊదీసీది కాదిది. లోనకి లాగాల. సిన్నపిల్లకి తెల్సు."

పీల్చాను. ఉప్పు, చేప వాసన, వాటి వెనక ఎఫ్. పందొమ్మిదేళ్ల తర్వాత విన్నాను. పిచ్చిదానిలా నాలుగుసార్లు పీల్చాను. దూరంగా గుడిసెలోంచి బంగారమ్మ అత్తగారు అలవాటు కొద్దీ గంప పట్టుకుని పరిగెత్తుకొచ్చి, బోటు ఒడ్డునే ఉండడం చూసి నన్ను తిట్టింది.

నా అవసరం చెప్పాను. ఆదివారం సంగతి, కలప వ్యాపారి సంగతి, అన్నీ. బంగారమ్మ విని ఆలోచించింది.

"ఇంజను రిపేరుకి ఇప్పీసుంది. వచ్చీ పున్నమి దాకా మా బోటు ఎల్లదు. అట్టుకెల్లు. మరి తెచ్చీస్తావా?"

"తెస్తాను."

"మీ దేముడి మీద ఒట్టెయ్యి."

ఇక్కడ వచ్చింది చిక్కు. మా విశ్వాసంలో ఒట్టు పెట్టకూడదు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించి పలకరాదు. అదే చెప్పాను.

"ఒట్టెయ్యవా? ఓలమ్మో!" చుట్టూ ఆడవాళ్లు మూగారు. "దేముడి మీద ఒట్టెయ్యనంతాది! ఎగ్గొట్టీడానికే గదా!"

"ఒట్టు వెయ్యకపోవడమే నా నిజాయితీ అమ్మా!"

"ఇదేటి మాటర్రా! మా ఆయన రోజుకి పదొట్లేస్తాడు. అయినా నమ్మను. ఒక్కటీ ఎయ్యందాన్ని ఎలా నమ్మీది?"

అప్పలస్వామి గారు "నాను ఎయ్యనా పంతులమ్మా, మీ బదులు?" అన్నారు. అమెరికావాడి పద్ధతిలో ఆయన ఒట్టు నా ఒట్టు స్థానంలో సరిగ్గా పట్టేస్తుందని ఆయన ఉద్దేశం. అది కూడా పాపమేనన్నాను. అరగంట గడిచింది. రైలు వేళ దగ్గర పడింది. దేవుణ్ణి అడిగాను, ఏం చెయ్యనని. అప్పుడు నా సంచీలో ఇనుప కొక్కెం చేతికి తగిలింది. ఆర్గన్ గాడిలోంచి రీడుని లాగడానికి ఆ కంపెనీ వాడే ఆర్గన్‌తో పంపిన కొక్కెం. అది లేకుండా రీడు బయటికి రాదు. ముప్పయ్యేళ్లుగా నా దగ్గరున్నది.

"ఇది నీ దగ్గర పెట్టుకో. దీని కోసమైనా వస్తాను."

బంగారమ్మ దాన్ని తిప్పి చూసింది. చేప మొప్పల్లో పెట్టి లాగి చూసింది. నచ్చింది. పైపు విరగ్గొట్టి రీడు నా చేతిలో పెట్టింది.

రైలెక్కి ఛత్రపురం దాటాక నాకు తట్టింది. రీడుని బిగించాక మళ్లీ తీసి ఆమెకి ఇవ్వాలంటే కావలసింది ఆ కొక్కెమే. మాట నిలబెట్టుకునే పనిముట్టునే తాకట్టు పెట్టి వచ్చాను.

ఇంటికి: ఆదివారం

స్టేషను నుంచి నేరుగా మందిరానికి వెళ్లాను. రీడుని గాడిలోకి తోశాను. టక్. మీట నొక్కాను. పలికింది. ఆనందరావు గారి మొహం చిన్నబోయింది. ఆయన ప్రతి మీటా తనే నొక్కి చూసి, "అన్నీ ఉన్నాయి," అని నిజాయితీగా ఒప్పుకున్నారు.

ఆరాధన మొదలైంది. మొదటి కీర్తన ఎత్తాను. మూడో మాట మీద ఎఫ్ వస్తుంది. వచ్చింది. మందిరమంతా ఎఫ్ ఒక్కటే మోగింది. ఎవరూ పాడలేదు.

నేను తల తిప్పి చూశాను. అందరూ నోళ్లు మూసుకుని నన్నే చూస్తున్నారు. మళ్లీ ఎత్తాను. మళ్లీ అదే చోట నూట యాభై గొంతులు టక్కున ఆగాయి, ఎఫ్ మాత్రం గుంపులో దారితప్పిన మేకలా అరిచింది, ఆ తర్వాత అందరూ తలా ఒక చోట అందుకున్నారు. అప్పుడు అర్థమైంది. పందొమ్మిదేళ్లుగా ఆ స్వరం దగ్గర ఆర్గన్ ఉఫ్ మంటే, జనం ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నారు. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు పెళ్లీడుకొచ్చారు, వాళ్లు కీర్తనని అలాగే నేర్చుకున్నారు. మేము పాడేది మిగతా సంఘాలు పాడే పాట కాదు. ఎఫ్ లేని పాట. నేను వాయించేదాన్నే గాని పాడేదాన్ని కాదు, నాకే తెలియలేదు.

రెండో చరణంలో ముందు వరస ముసలావిడ లేచి, "ఎవరమ్మా ఆ మధ్యలో దూరేది? బయటికి వెళ్లమనండి," అంది.

ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంది. ఆనందరావు గారు మెల్లగా అన్నారు. "కీబోర్డులో కూడా ఎఫ్ ఉంటుంది గదా?"

ఆయనే కీబోర్డుల కొట్టుకి ఫోన్ చేశారు. స్పీకరు పెట్టారు. "ఎఫ్ లేని కీబోర్డు దొరుకుతుందా అండీ?"

"ఉండదండీ. ఏది తీసుకున్నా అన్నిట్లో అన్నీ ఉంటాయి. కంపెనీ నుంచే అలా వస్తాయి," అన్నాడు కొట్టువాడు.

ఆనందరావు గారు ఫోన్ పెట్టేసి ఆర్గన్ వైపు చూశారు. మొదటిసారి ఆ చూపులో ప్రేమ కనబడింది. తీర్మానం ఏకగ్రీవం: ఆర్గన్ ఉండాలి, ఎఫ్ ఉండకూడదు. ప్రపంచంలో మా సంఘం పాడే పాటకి సరిపోయే వాద్యం అదొక్కటే. అప్పలస్వామి గారికి ఆ రోజు నేను చెప్పలేకపోయిన జవాబు ఇదే. ఇంకో మరలోంచి తెచ్చిన అవయవం టక్కున కూర్చోవచ్చు. లేని అవయవానికి కూడా శరీరంలో ఒక చోటుంది. దాన్ని ఎవరితోనూ నింపలేం.

కొక్కెం లేదు గనక పాస్టరు గారి భార్య తలపిన్నుతో రీడుని లాగాం. అది ఊడి వచ్చేసరికి సాయంత్రమైంది.

పున్నమికి మళ్లీ ఆర్యపల్లి వెళ్లాను. బంగారమ్మ నన్ను చూసి, "ఒట్టెయ్యకండానే ఒచ్చీసినావేటి!" అని పక్కవాళ్లకి చూపించింది. కొక్కెం తిరిగిచ్చింది, దానికి పొలుసులు అంటుకుని ఉన్నాయి. రీడు కొత్త పైపులోకి ఎక్కింది. మర్నాడు వేకువన మంచులో ఆడవాళ్లతో పాటు నేనూ ఒడ్డున నిలబడ్డాను. చలికి ఏదో కీర్తన సన్నగా పాడుకుంటున్నాను. సముద్రం మీంచి ఎఫ్ వచ్చింది. బంగారమ్మ గంప ఎత్తుకుని నీళ్లలోకి దిగింది. అది పలికినంతసేపూ నా గొంతు తనంతట తాను ఆగింది. ఆ తర్వాత మిగతా పాట అందుకున్నాను.